ఈనో ‘ఆన్ లాండ్’ విన్నా, ఏమీ జరగట్లేదేంటి?

నైట్‌డ్యూటీ నాని: బ్రయాన్ ఈనో అనే ఇంగ్లండ్ మ్యుజీషియన్ 1982 యాంబియంట్ (వాతావరణంలా చుట్టూ పరుచుకునే సంగీతం) ఆల్బమ్ ‘యాంబియంట్ 4: ఆన్ లాండ్’ అదిరిపోద్ది అంటే నిన్న రాత్రి లైట్లాపి పెట్టుకున్నా. ఎనిమిది ట్రాక్‌లు, పల్లవి లేదు చరణం లేదు, ఏదో గుయ్యిమని వస్తుంది పోతుంది, మధ్యలో కప్పల్లాంటి అరుపులు, ఒకచోట మా ఫ్రిజ్ మోత అనుకుని లేచెళ్లి చూసొచ్చా. దీన్నెలా వినాలి, నాకే ఎక్కట్లేదా?

చెరువుగట్టు: ట్యూన్ వెతక్కు బ్రో, ట్రాక్ పేర్లు చూడు, కొన్ని నిజం చోట్ల పేర్లే. లాంటర్న్ మార్ష్ అయితే ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో ఆయన పెరిగిన చోటికి కొన్ని మైళ్లే, కానీ వెళ్లి చూసిన జ్ఞాపకం కాదంట, తర్వాతెప్పుడో మ్యాప్‌లో ఆ పేరు చూసి ఎలా ఉంటదో ఊహించుకున్నదంట. ఆఖరిది ‘డనిచ్ బీచ్, ఆటమ్, 1960’, అప్పటికి ఆయనకి పన్నెండేళ్లు. ఆ డనిచ్ ఒకప్పుడు పెద్ద రేవు, 1286 తుఫాను దగ్గర్నుంచి సముద్రం కోసుకుంటూ పోయి ఇప్పుడు చిన్న పల్లె మిగిలింది. అది తెలిశాక నాకా ట్రాక్ ఇంకోలా వినపడింది.

మాస్ బీట్ మల్లి: వాన సౌండ్ పది గంటల వీడియో ఫ్రీగా దొరుకుతుంటే దీనికింత బిల్డప్పా 😀

చెరువుగట్టు: @మల్లి వాన వీడియోలో వానే ఉంటది. ఇక్కడ కాకులు, కప్పలు, పురుగుల రికార్డింగ్‌లతో పాటు గొలుసు ముక్కలు, పుల్లలు, రాళ్లు, తన పాత టేపులు కూడా కలిపేశాడు, ఏది జంతువో ఏది వాయిద్యమో పట్టుకో చూద్దాం. ‘షాడో’లో ఆ మూలుగు జాన్ హాసెల్ ట్రంపెట్, నేను చాన్నాళ్లు మనిషి గొంతనుకున్నా.

పాత యాంప్: ఫోన్ స్పీకర్‌లో విన్నావా ఏంటి నాని, లోతైన బేస్ సౌండ్లు సగం పోతాయి. ఆల్బమ్ నోట్‌లో ఈనోనే ఒక చిట్కా ఇచ్చాడు, యాంప్లిఫైయర్ లెఫ్ట్ ప్లస్ టెర్మినల్‌కీ రైట్ ప్లస్ టెర్మినల్‌కీ మధ్య మూడో స్పీకర్ తగిలించి వెనక పెట్టుకోమని, రెండు వైపులా ఒకేలా ఉన్నది అందులో రాదు, తేడా ఉన్నదే వస్తుంది. మా పాత యాంప్‌కి చేశా, కీచురాయి సరిగ్గా మెడ వెనక అరిచింది. బ్రిడ్జ్‌డ్ యాంప్‌లకి (రెండు యాంప్ సర్క్యూట్లు కలిసి ఒకే స్పీకర్‌ని నడిపేవి) మాత్రం చెయ్యకండి, కాలిపోవచ్చు.

నైట్‌డ్యూటీ నాని: ఫోన్‌లోనే విన్నా 🙈 ఇప్పుడు హెడ్‌ఫోన్స్‌తో మూడో ట్రాక్‌లో ఉన్నా. ఫ్రిజ్ కూడా ఆపేశా, అమ్మ తిడుతుంది.