కొండదారి సైక్లింగ్‌కి ఏ హైడ్రేషన్ వెస్ట్ మంచిది?

అందరికీ నమస్కారం. ఆదివారాలు హైదరాబాద్ నుంచి వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు మౌంటెన్ బైక్ మీద తిరగడానికి వెళ్తుంటాను. అడవి దారిలో రాళ్లు, వేర్లు ఎక్కువ. సీసా తీసి తాగాలంటే హ్యాండిల్ మీద నుంచి ఒక చెయ్యి తీయాలి, దిగుడులో అది కుదరదు. పైగా ఫ్రేమ్‌కి ఒక్క సీసానే పడుతుంది. ఎండాకాలంలో నీళ్లు అయిపోతాయేమోనని ఒకటే టెన్షన్.

అందుకే హైడ్రేషన్ వెస్ట్, అంటే నీళ్ల సంచీ, తాగే పైపూ ఉండి ఒంటికి తొడుక్కునే జాకెట్ లాంటిది, కొనాలనుకుంటున్నాను. క్యామెల్‌బ్యాక్ కంపెనీ చేజ్ వెస్ట్ నచ్చింది, కానీ అందులో పట్టేది 1.5 లీటర్లే. మే నెల ఎండలో మూడు గంటలకు సరిపోతుందా? రెండు లీటర్ల బ్యాగ్ తీసుకుంటే వీపంతా చెమటతో తడిసి, బరువు కిందికి జారి అటూ ఇటూ ఊగుతుందని భయం. పరుగు వాళ్ల వెస్ట్ చవకే. మరి ముందుకు వంగి తొక్కేటప్పుడు ఛాతీ మీది సీసాలు అడ్డొస్తాయా?

నాది సన్నటి ఒళ్లు, పట్టీలు బిగుసుకోవడం ముఖ్యం. ట్యూబు, పంపు, చిన్న పనిముట్లు కూడా పట్టాలి. బడ్జెట్ ఎనిమిది వేలు. పైపులో బూజు పట్టకుండా ఎలా శుభ్రం చేస్తారో కూడా చెప్పండి. మన ఎండల్లో వాడినవాళ్ల అనుభవమే నాకు కావాలి.