సర్వహక్కులూ రాసిచ్చిన పాటకు రచయితకు రాయల్టీ వస్తుందా?

చరణం: నమస్కారం. కొన్నేళ్లుగా చిన్న సినిమాలకు, ప్రైవేటు ఆల్బములకు పాటలు రాస్తున్నాను. ప్రతిసారీ పారితోషికం ఒకేసారి తీసుకుని, సర్వహక్కులూ నిర్మాతవేనన్న ఒప్పందంపై సంతకం చేశాను. వాటిలో రెండు పాటలు ఎఫ్‌ఎం రేడియోలో, హోటళ్లలో, అమెరికాలోని తెలుగు సంఘాల వేడుకల్లో వినిపిస్తున్నాయని మిత్రులు చెబుతున్నారు. ఇప్పుడు, రచయితలు, స్వరకర్తలు, హక్కుల యజమానుల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీ అయిన ఐపీఆర్‌ఎస్‌లో చేరితే ఏమైనా దక్కుతుందా? పాటలన్నీ 2015 తరువాత రాసినవే.

హక్కుల పాఠకుడు: దక్కుతుందండీ. నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న పాటకు వేరే ఒప్పందం లేకపోతే తొలి హక్కుదారు నిర్మాతే కావచ్చని 1977లో సుప్రీంకోర్టు ఐపీఆర్‌ఎస్ కేసులోనే తీర్పు చెప్పింది. ఆ తరువాత దశాబ్దాలపాటు మన రచయితలకు పారితోషికమే మొదలూ చివరా అయింది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ఈ అన్యాయాన్ని సరిదిద్దింది. దాని ప్రకారం, సినిమా హాలులో చిత్రంతోపాటు ప్రదర్శించినప్పుడు తప్ప, పాటను మరే విధంగా వాడుకున్నా వచ్చే రాయల్టీలో హక్కులు తీసుకున్నవారితో సమాన వాటా రచయితకు, స్వరకర్తకు ఉంటుంది. ఆ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. రాసిచ్చినట్టు ఒప్పందంలో ఉన్నా అది చెల్లదు. సర్వహక్కులూ అన్న మాట చూసి మీరు వెనుకడుగు వేయవద్దు. ఐపీఆర్‌ఎస్ పంపకంలో సాధారణంగా సగం హక్కుల యజమానికి, పావువంతు స్వరకర్తకు, పావువంతు రచయితకు వెళుతుంది.

బాణీ: పై వివరణ సరైనదే కానీ, చట్టంలో హక్కు ఉన్నంతమాత్రాన డబ్బు తనంతట తాను ఖాతాలో పడదు. సభ్యత్వం తీసుకున్నాక ప్రతి పాటనూ నమోదు చేయించండి: పాట పేరు, సినిమా లేదా ఆల్బం పేరు, స్వరకర్త, హక్కులు తీసుకున్న సంస్థ, ఎవరి వాటా ఎంత అన్న వివరాలన్నీ కావాలి. మన పేర్లను ఇంగ్లీషులో ఒక్కోచోట ఒక్కోలా రాస్తారు, ఇంటిపేరు ఒకచోట ముందు వస్తే మరోచోట వెనుక వస్తుంది. అందువల్ల మీరు వాడే పేర్లన్నీ సభ్యత్వ పత్రంలోనే చూపించండి. రేడియో నుంచి వచ్చిన జాబితాలో పేరు కలవకపోతే ఆ సొమ్ము ఎవరిదో సొసైటీకి తెలిసే మార్గం ఉండదు. నా దృష్టిలో తెలుగు రచయితలు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే.

అమెరికాలో ప్రదర్శన హక్కుల రుసుమును ఆస్కాప్, బీఎంఐ వంటి అక్కడి సంస్థలే వసూలు చేస్తాయి. పరస్పర ఒప్పందాలున్న చోట మీ వాటా ఐపీఆర్‌ఎస్ ద్వారా మీకు చేరుతుంది. అయితే ఆ వేడుకకు లైసెన్సు తీసుకుని, పాడిన పాటల జాబితా ఇచ్చి ఉండాలి. నిర్వాహకులు మీకు తెలిసినవారైతే ఆ జాబితా పంపమని మొహమాటపడకుండా అడగండి.

చరణం: ఇద్దరికీ కృతజ్ఞతలు. పెళ్లిళ్లలో పాడినా ఇలాగే రాయల్టీ వస్తుందా? నా తరువాత మా పిల్లల సంగతేమిటి?

హక్కుల పాఠకుడు: పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాడుకోవడాన్ని చట్టం ఉల్లంఘనగా చూడదు కనుక అక్కడ రాయల్టీ ఆశించలేము. పాట సాహిత్యంపై కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. రాయల్టీ వాటా వారసులకు వెళుతుంది. వారు సొసైటీని సంప్రదించేటప్పుడు పాటల వివరాలు చేతిలో ఉండాలి కాబట్టి ఒప్పందాల ప్రతులు, పాటల జాబితా ఇప్పుడే ఒకచోట భద్రపరచి, అవి ఎక్కడున్నాయో ఇంట్లోవారికి చెప్పి ఉంచండి.