కొట్టకుండ పెట్టే హింసను ఎట్ల గుర్తుపట్టాలె?

వీవోఏ, పరకాల:
నేను ఊరి మహిళా సంఘాల పని చూసే వీవోఏను. సంఘం మీటింగులల్ల "మా ఆయన చెయ్యెత్తడు గానీ..." అని సగంల ఆపేసేటోళ్లు చానామంది ఉన్నరు. దెబ్బలు లేకుంటే హింస అనొచ్చా? ఏమడిగితే తెలుస్తది? మేం అడిగినందుకు ఆమెకు ఇంకో కష్టం రావొద్దు. తెలిసినోళ్లు వివరంగ రాయుండ్రి.

కౌన్సిలర్, హనుమకొండ:
అనొచ్చు అక్కా. 2005 గృహహింస చట్టం 3వ సెక్షన్‌ల దెబ్బలతోపాటు లైంగిక హింస, మాటలతో మనసును కుంగదీసుడు, పైసల కాడ కట్టడి చేసుడు కూడా ఉన్నయి.

"హింస పెడుతుండా?" అని అడిగితే లేదనే అంటరు. రోజువారీ సంగతులు అడుగుండ్రి. తల్లిగారింటికి పోవాలంటే ఎవరిని అడగాలె? అడగకుండ పోతే ఏమైతది? ఏటీఎం కార్డు ఎవరి జేబుల ఉంటది? స్త్రీనిధి లోన్ పడ్డనాడు పైసలు ఎవరు తీసుకున్నరు, కిస్తీ ఎవరు కడుతున్నరు? ఆమె పత్తి ఏరిన కూలితోని కిస్తీ కడుతుంటే, లోనేమో ఆయన వాడుకుంటే, అది వాళ్లింటి లెక్క అని వదిలెయ్యొద్దు.

లొల్లి ప్రతి ఇంట్ల ఉంటది. లొల్లిల ఇద్దరూ నోరు విప్పుతరు. హింస ఉన్నకాడ ఒకరు ప్రతి మాటా తూచి మాట్లాడుతరు. ఫోన్ మోగంగనే ఉలిక్కిపడి ఎత్తుడు, "సంఘంలనే ఉన్న" అని చెప్పి పక్కామెతోని కూడా చెప్పిచ్చుడు చూస్తే ఆగి ఆలోచించాలె.

కొట్టినంక ఏడ్చి, చీర కొనుక్కొచ్చి, పది రోజులు మంచిగున్నడంటే మారిండనుకోవద్దు. ఏటీఎం కార్డు తిరిగి ఇచ్చిండా? తల్లిగారింటికి పోనిస్తుండా? అవి చూడుండ్రి.

ఏఎన్ఎం, నర్సంపేట:
ఒక్కటి మర్చిపోవద్దు. "గొంతు పట్టుకున్నడు" అంటే అది ప్రాణం మీదికొచ్చే గుర్తు. మెడ మీద మచ్చ లేకున్నా లోపల దెబ్బ ఉండొచ్చు. గొంతు బొంగురుపోవుడు, మింగితే నొప్పి, కండ్లల్ల ఎర్రటి చుక్కలు, తల తిరుగుడు ఉంటే అదే రోజు దవాఖానకు తోలియ్యాలె. గొంతు పిసికిండని డాక్టర్‌కు స్పష్టంగ చెప్పి, ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు పనికొచ్చే దవాఖాన రికార్డు) రాయించాలె.

వీవోఏ, పరకాల:
మా సంఘంల ఒకామె సంగతి పెద్దమనుషుల్ల పెడదామంటున్నరు. ఆమె భర్త ఆమె ఫోన్ కూడా చూస్తుండట.

వకీలు, వరంగల్:
ఆయనను పక్కన కూసోబెట్టి అడిగితే ఆమె నిజం చెప్పలేదు. చెప్పినా ఆ రాత్రి ఇంట్ల అనుభవించేది ఆమెనే. పంచాయితీల రాజీ కాగితం మీద సంతకం పెట్టొద్దని ముందే చెప్పుండ్రి.

వాట్సాప్‌ల మూడు చుక్కలు నొక్కి "లింక్డ్ డివైసెస్" చూస్తే ఇంకో ఫోన్ కలిపి ఉందో లేదో తెలుస్తది. గూగుల్ మ్యాప్స్‌ల "లొకేషన్ షేరింగ్" కూడా చూడాలె. కనబడంగనే తీసెయ్యొద్దు, ఆయనకు తెలిసిపోతది. ఇల్లు విడిచే ఆలోచన బయటపడ్డప్పుడే ప్రమాదం ఎక్కువ. అందుకే మహిళల హెల్ప్‌లైన్ 181కి వేరేటోళ్ల ఫోన్ నుంచి చెయ్యాలె. అప్పటికప్పుడు ఆపదుంటే 112.

సఖి కేంద్రంల పోలీసు, వైద్యం, న్యాయ సాయం, కొద్దిరోజుల ఆశ్రయం ఒక్కకాడనే దొరుకుతయి. ఈ చట్టం కింద సర్కారు పెట్టిన ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గర డీఐఆర్ (జరిగిన హింస వివరాల రిపోర్టు) రాయించి, 12వ సెక్షన్ కింద మెజిస్ట్రేట్ కోర్టుల దరఖాస్తు పెట్టొచ్చు. తల్లిగారింటికాడ ఉంటే అక్కడి కోర్టులనే వెయ్యొచ్చు. ఇల్లు ఆయన పేరు మీదున్నా 17వ సెక్షన్ కింద అండ్ల ఉండే హక్కు ఆమెకుంది. రక్షణ ఉత్తర్వు ఇచ్చినంక మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆడవాళ్లకు ఆదాయంతోని పని లేకుండ ఉచిత వకీలును ఇస్తరు, నంబర్ 15100.

ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల బర్త్ సర్టిఫికెట్ల జిరాక్సులు నమ్మకమున్న ఇంకొకరింట్ల పెట్టించుండ్రి. ఎప్పుడు బయటికి రావాలన్నది మాత్రం ఆమెనే చెప్పాలె. ఆయన కోపం ఎప్పుడు ఎంతదాకా పోతదో మనకన్న ఆమెకే ఎరుక.