అప్‌డేట్: గ్రేడియస్ మూడో దశ దాటాను

కొనామి సంస్థ 1985లో ఆర్కేడ్లకు తెచ్చిన గ్రేడియస్ అనే అంతరిక్ష ఓడ కాల్పుల వీడియో గేమ్‌లో, మోయి విగ్రహాలుండే (ఈస్టర్ ద్వీపపు రాతి తలల్లాంటివి) మూడో దశలో ఓడ కూలితే మళ్ళీ కోలుకోవడం ఎలాగని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఆ దశను ఇప్పుడు దాటగలుగుతున్నాను.

ఓడ కూలగానే సంపాదించుకున్న శక్తులన్నీ పోయి, మందకొడి ఓడతో వెనుకటి చోటు నుంచి మొదలుపెట్టాలి కనుక, దొరికిన మొదటి క్యాప్సూల్‌ను (ఓడకు శక్తులు సంపాదించిపెట్టే గుళికను) వేగానికే వాడమన్న సలహా అక్షరాలా నిజం. అయితే ఒకటి రెండు మెట్లకు మించి వేగం పెంచితే ఇరుకు సందుల్లో ఓడ అదుపు తప్పుతుంది.

నాకు అన్నిటికంటే మేలు చేసింది ఆప్షన్ల (ఓడతో పాటు కాల్చే తోడు గోళాల) గురించి ఒకరు రాసిన మాట. ఆ మెరిసే గోళాలు ఓడ నడిచిన దారినే అనుసరిస్తాయి, ఓడ ఆగితే అవీ ఉన్నచోటనే ఆగుతాయి. అందుచేత పైకి వెళ్ళి, కొద్దిగా కిందికి దిగి ఆగితే, ఒక గోళం పైనే నిలిచి కప్పుకు వేలాడే విగ్రహం తెరిచిన నోటికి సూటిగా లేజర్ కొడుతుంది, ఈలోగా కింది విగ్రహాన్ని ఓడ చూసుకుంటుంది. ఎంత అందమైన ఆలోచనో! నోళ్ళలోంచి వచ్చే వలయాలను కూడా కాల్చి తుంచవచ్చు.

లేజర్ తీసుకుంటే డబుల్ (ముందుకూ, ఏటవాలుగా పైకీ కాల్చే ఆయుధం) పోతుంది, అయినా ఇక్కడ నేను లేజర్‌నే ఎంచుకుంటాను.