‘మడి దున్నుక’ సరైనదా, ‘మడి దున్నుకు’ సరైనదా?

పాతకటకం: కెమెరాలను కొన్నవారే బాగుచేసుకునే హక్కు గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. ఏళ్ల తరబడి ఒకే కంపెనీని అంటిపెట్టుకుని ఉన్నవారికి ఆ కంపెనీయే విడిభాగం అమ్మనంటుందని చెప్పే చోట సుమతి శతకంలోని ‘అడిగిన జీతంబియ్యని మిడిమేలపు దొర’ పద్యాన్ని ఉదహరించాలని ఉంది. అయితే నాలుగో పాదం ‘మడి దున్నుక బ్రతుకవచ్చు’ అని ఉండాలా, ‘దున్నుకు’ అని ఉండాలా అన్నది తేలడం లేదు. రెండు విధాలుగానూ అచ్చులో చూశాను.

లఘువు: ఈ తగవును ఛందస్సు తీర్చదు. ‘క’ అయినా ‘కు’ అయినా లఘువే. ‘బ్రతుకు’లోని రేఫ తేలికగా పలుకుతుంది కనుక దాని ముందరి అక్షరం గురువు కానక్కరలేదు, ఆ తరువాత ‘కవచ్చు’ జగణంగా చక్కగా కూర్చుంటుంది. మూడో పాదంలో ‘యెద్దుల గట్టుక’ అన్న కవి వెంటనే ‘దున్నుకు’ అంటాడని నేను నమ్మను. ‘కట్టుకొని’, ‘దున్నుకొని’ అన్నవే ఇలా కుదించుకున్నాయి.

నిఘంటుప్రియ: లఘువు గారూ, మీరు అక్షరం దగ్గర ఆగిపోయారు, అందులో దాగిన ‘కొను’ను చూడలేదు. ‘వండుకున్నాను’ అన్నవారు గరిట తామే పట్టుకుంటారు, ‘జుట్టు కత్తిరించుకున్నాను’ అన్నవారు మాత్రం సాధారణంగా కత్తెరను ముట్టుకోరు. ‘బాగుచేసుకునే హక్కు’లో ఉన్నది ఏ ‘కొను’? 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న కాలిఫోర్నియా చట్టం రెండు అర్థాలనూ కలిపే పట్టుకుంది. టోకు ధర 100 డాలర్లు, అంతకు మించి ఉన్న ఎలక్ట్రానిక్ వస్తువు విషయంలో, ఆ నమూనా తయారీ ఆగిన తరువాత కూడా 7 ఏళ్ల పాటు, విడిభాగాలూ పనిముట్లూ సర్వీసు పత్రాలూ యజమానికీ స్వతంత్ర మరమ్మతుదారుకూ అందుబాటులో ఉంచాలని అది తయారీదారును ఆదేశిస్తుంది. నికాన్ సంస్థ అమెరికాలో 2012లో తన అధీకృత జాబితాలో లేని దుకాణాలకు విడిభాగాలు అమ్మడం మానేసి, 2020 మార్చితో స్వతంత్ర దుకాణాలకు ఇచ్చిన ఆ అధీకృత హోదాను కూడా ముగించినప్పుడు, దున్నించుకునే దారి కూడా మూసుకుపోయింది.

మరచుట్టు: చట్టం గురించి అంత ధీమా వద్దు. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన మరమ్మతు ఆదేశపు జాబితాలో ఫోన్లు, వాషింగ్ మెషీన్లు ఉన్నాయి గాని కెమెరాలు లేవు. ఇక పద్యానికి వస్తే, అందరూ మడిని చూస్తున్నారు, ‘వడిగల యెద్దుల’ను ఎవరూ పట్టించుకోవడం లేదు. జపాన్ కెమెరాల్లో చాలావరకు ఆ దేశపు జిస్ ప్రమాణం స్క్రూలే ఉంటాయి, వాటిని మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. ఫ్లాష్ కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టుల విద్యుత్తు బ్యాటరీ తీసేసిన తరువాత కూడా నిలిచి ఉండవచ్చు. సెన్సర్‌ను విప్పి మళ్లీ బిగించేవారికి మౌంటు (లెన్సును కెమెరాకు బిగించే చోటు) నుంచి దాని దూరం, అంటే నికాన్ ఎఫ్ మౌంటుకు 46.5 మిల్లీమీటర్లు, కానన్ ఈఎఫ్‌కు 44 మిల్లీమీటర్లు, ఏ మాత్రం తప్పినా ఫోకస్ చెడుతుంది. సరిచూసే సాఫ్ట్‌వేర్‌ను కంపెనీలు సాధారణంగా బయటివారికి ఇవ్వవు. ఎద్దులను దొర కొట్టంలోనే కట్టేసి ఉంచి, పొలం నీదేనని చెప్పడం లాంటిది ఇది.

చాటువు: నాగలి మాట వచ్చాక పోతన పేరు ఇంతవరకూ రాకపోవడం నాకు వింతగా ఉంది. ఆయన పేరిట చెలామణిలో ఉన్న చాటువులో ‘హాలికులైన నేమి’ (నాగలి దున్నేవారైతేనేం) అన్న మాట వినని తెలుగువారు అరుదు. అయితే ఆ హాలికుడూ ఈ హాలికుడూ ఒకటి కాదు. పోతన రాజు సొమ్మునే వద్దన్నాడు. సుమతి శతకకారుడు మాత్రం జీతం ఇవ్వని దొరనే విడవమంటున్నాడు, అడిగింది ఇచ్చే దొరను కొలవడంలో ఆయనకు అభ్యంతరం ఉన్నట్టు లేదు. కెమెరా అభిమానులలో ఎక్కువమంది ఈ రెండో పక్షమే.

నిఘంటుప్రియ: వారిది అభిమానమని నేను అనను. 1959 నాటి ఎఫ్ మౌంటును నమ్ముకుని లెన్సులు కూడబెట్టినవారు కంపెనీ మారాలంటే వాటన్నిటినీ వదులుకోవాలి. కానన్ 1987లో ఈఎఫ్ మౌంటు తెచ్చినప్పుడు పాత ఎఫ్‌డీ లెన్సులు కొత్త కెమెరాలకు నేరుగా అమరకపోయినా, ఎందరో అదే కంపెనీ లెన్సులను మళ్లీ కొన్నారు. పద్యంలో ‘మిడుకుట’ అన్నది సరిగ్గా ఇదే: సణుగుతూ కష్టపడడం, దొరను విడవలేకపోవడం.

పాతకటకం: అందరికీ కృతజ్ఞతలు. ఇంతకీ వ్యాసంలో ‘క’ అని అచ్చు వేయమంటారా?

మరచుట్టు: దానికంటే ‘మిడిమేలపు’ సంగతి ముందు తేల్చండి. ‘మిడిమిడి జ్ఞానం’లోని మిడికి కొద్దిపాటి అన్న అర్థం ఉంది కనుక, మిడిమేలు అంటే అరకొర మేలు అని నా ఊహ. కెమెరా అమ్మి విడిభాగం ఇవ్వని దొరకు ఇంతకన్నా తగిన మాట దొరకదు.

లఘువు: పద్యానికి రాసిన టీకలన్నీ ‘గర్వియైన’ అనే చెబుతుండగా మీ ఊహను ఎవరు ఒప్పుకుంటారు? ‘మిడిమేలము’ అన్న నామవాచకం ఉండగా దాన్ని రెండుగా విరిచే అధికారం మీకు ఎక్కడిదో ముందు చెప్పండి.