సమాధుల గేటు మీద మాట: ఉత్తరించు స్థలమా, ఉద్ధరించు స్థలమా?

గౌతమి గట్టు:
మా ఊరి కాన్వెంటు వెనక సిస్టర్ల సమాధుల తోట ఉంది. గేటు కమాను మీద సిమెంటుతో పోసిన అక్షరాలు: "ఉ..రించు స్థలమందున్న ఆత్మల కొరకు ప్రార్థించుడి". చనిపోయిన ఆత్మలు మోక్షానికి వెళ్ళే ముందు పాపాల నుంచి శుద్ధి పొందుతాయని మా కతోలికులు నమ్మే చోటు అది. రెండో అక్షరం ఏళ్ళ తరబడి వేసిన సున్నం కింద పూడిపోయింది, వత్తు సగం విరిగింది. నవంబరు 2 సమాధుల పండుగకి రంగులు వేయిస్తున్నారు. పెయింటరు శుక్రవారం వస్తాడు. మా నాయనమ్మ జపమాల చివర ఈ మాట అనేది, నా చెవిలో "ఉద్ధరించు" అనే ఉంది. మదరుగారికి మాత్రం "ఉత్తరించు" అని గుర్తు. త్త నా, ద్ధ నా? నాకు టెన్షన్‌గా ఉంది, ఒకసారి రాయిస్తే ఇంకో తరం దాకా అదే చదువుకుంటారు.

పాత పలక:
త్త. ఉత్ + తరించు. దాటి ఒడ్డెక్కడం. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డవాడికి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఆవలి ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది, మనం ఇంకా ఇవతలే ఉంటాం. ఆ ఆత్మల స్థితి అదే.

తెలుగు మాస్టారు:
పంటు పోలిక బాగుంది గానీ, కావ్యభాషలో ఉత్తరించు అంటే ముందు తట్టేది నరకడం. తల ఉత్తరించాడు అంటాం. సమాధుల గేటు మీద ఆ మాట చూసి కొత్తవాడు ఏమనుకోవాలి? పైగా ఆ ఆత్మలు తమకు తాముగా ఏమీ చేసుకోలేవనీ, బతికున్నవాళ్ళ ప్రార్థనే ఆసరా అనీ కదా వాళ్ళ నమ్మకం. తనంతట తాను దాటేవాడు తరిస్తాడు. ఒకరు చెయ్యిచ్చి పైకి లాగితే ఉద్ధరించడం. అర్థాన్ని బట్టి ద్ధ.

యానాం వీధి:
మాస్టారూ, మీ వ్యాకరణానికి దణ్ణం. అయితే ఇది కావ్యాల నుంచి వచ్చిన మాట కాదండి. అరవంలో కతోలికులు "ఉత్తరిక్కిఱ స్తలం" అంటారు, పాపానికి పరిహారం చెల్లించుకునే చోటు అనే అర్థంలో. మన పాత జపాల పుస్తకాల్లో జ్ఞానస్నానం లాంటి సంస్కారాలను "దేవద్రవ్యానుమానములు" అనడం గుర్తుందా? అదీ అరవం వైపు నుంచి నడిచొచ్చిందే. మా సెయింట్ ఆన్స్ గుడి 1846 నాటిది, మా ఊరు 1954 దాకా పుదుచ్చేరితో పాటు ఫ్రెంచివాళ్ళ కింద ఉంది. ఉపదేశులు, పుస్తకాలు ఆ దారినే వచ్చి ఉంటాయని నా గట్టి నమ్మకం. త్త.

నర్సాపురం రేవు:
మాది బ్రదరన్ కుటుంబం, అంటే ప్రొటెస్టెంట్లం. మా వాళ్ళ బోధలో ఆ స్థలమే లేదు కాబట్టి మాటా వినలేదు. కానీ 130వ కీర్తన "అగాధ స్థలములలోనుండి" అని మొదలవుతుంది, కతోలికులు సమాధుల దగ్గర చదివేదీ అదేనట. "స్థలము" అక్కడి నుంచే గేటెక్కిందేమో చూడండి.

పాత పలక:
స్థలము గురించి ఎవరికీ పేచీ లేదండి. పేచీ రెండో అక్షరం గురించి.

తెలుగు మాస్టారు:
స్థలము అనగానే జాషువా గుర్తొచ్చాడు. మా జిల్లాలో హరిశ్చంద్ర కాటిసీను రాత్రి రెండింటికి మొదలైనా ఆయన పద్యాల కోసం జనం లేచేవారు కాదు. కొందరు నటులు "యీ శ్మశానవాటిన్" అని ఎత్తుకునేవారు. అది తప్పు. "శ్మశానస్థలిన్" అని ఉండాలి. శార్దూలంలో చివరి రెండు తగణాలకు "న" మీద గురువు కావాలి, "స్థ" వెనక ఉంది గనుక అది గురువైంది. వాటి అంటే "న" లఘువై గణం కూలిపోతుంది.

కొల్లేటి కొంగ:
శ్మశానవాటి ఆ ఖండిక పేరు మాస్టారూ, నోటికి అదే వస్తుంది. పాపం నటుణ్ణి అనకండి. ఆ గొంతు కాలవ అవతలికి వినపడేది.

తెలుగు మాస్టారు:
గొంతుకు నేనూ దాసుణ్ణే. గణం గణమే.

మల్లెల మఠం:
గేటు దగ్గరికి రండి. కార్తూసియన్లని కతోలికుల్లో ఒక సన్యాసుల మఠం ఉంది, వాళ్ళను పెట్టె లేకుండా, వాళ్ళ అంగీతోనే పలక మీద పడుకోబెట్టి, ముసుగు మొహం మీదికి లాగి పూడుస్తారు. పైన ఒట్టి కొయ్య సిలువ, పేరు కూడా ఉండదు. ట్రాపిస్టులనే ఇంకో మఠం సన్యాసులకూ పెట్టె ఉండదు, సిలువ మీద పేరు మాత్రం ఉంటుంది. రోజూ తమ గొయ్యి తామే కొంచెం కొంచెం తవ్వుకుంటారన్నది కట్టుకథ. చచ్చినవాళ్ళు పేరు కూడా అడగని సంప్రదాయం కార్తూసియన్లది. మీ సిస్టర్ల తోటలో రాళ్ళ మీద ఏముంది తమ్ముడూ?

గౌతమి గట్టు:
అన్నీ ఒకే ఎత్తు సిలువలండి, పెద్ద మదరుదైనా వంటింటి సిస్టరుదైనా. ఒక్కో రాతి మీద పేరు, మూడు తేదీలు: పుట్టింది, మఠంలో వ్రతం పట్టింది, పోయింది. మధ్య తేదీ చూస్తే మనసు ఏదోలా అవుతుంది. మా నేలలో నాలుగడుగులు తవ్వితే ఊట. పోయినేడు ఒక సిస్టరును పూడ్చినప్పుడు బకెట్లతో నీళ్ళు తోడి, ఇసక పోసి దించారు. వరసలో నిలబడి ఒక్కొక్కరూ గుప్పెడు మట్టి వేశారు. ఆ మట్టి తడిది, చేతికి అంటుకుని రాలేదు. ఒక ముసలి సిస్టరు చెయ్యి దులుపుకోకుండా అలాగే లోపలికి వెళ్ళింది.

కొల్లేటి కొంగ:
నాదో మాట. ఉత్తరక్రియలు అంటాం కదా, ఉత్తర అంటే తరవాతిది. చావు తరవాతి చోటు గనుక ఉత్తర స్థలం. "ఇంచు" తరవాత ఎవరో తగిలించారు.

యానాం వీధి:
"ఇంచు" ఊరికే తగిలించేది కాదండి, అది క్రియ. కుదరదు.

పాత పలక:
మాస్టారి "నరకడం" కూడా పూర్తిగా తోసెయ్యలేం. బాకీ తెగ్గొట్టుకునే చోటు అని చెప్పుకోవచ్చు. ఎటు చూసినా త్త కే వస్తోంది.

తెలుగు మాస్టారు:
తెగ్గొట్టేది ఎవరు? ఆత్మా, దేవుడా? కర్త ఎవరో తేలనిదే క్రియ తేలదు. ఆ నాయనమ్మ రోజూ పలికిన మాటను అంత తేలిగ్గా తీసిపారేయకండి. పుస్తకం ఒకటి చెప్తుంది, నోరు ఇంకొకటి నేర్చుకుంటుంది. "ఉత్తరించు"లో నరకడం వినపడి, ఆవిడే "ఉద్ధరించు" అని సరిచేసుకుందేమో. అలాగైతే ఆవిడ నా కంటే పెద్ద పండితురాలు.

గౌతమి గట్టు:
పొద్దున్నే నిచ్చెనేసి, తడిగుడ్డ పెట్టి, చెక్కతో గీకాను. సున్నం ఐదారు పొరలుంది, మధ్యలో ఒకటి నీలం. కింద పెద్దక్షరం గుండ్రంగానే ఉంది, పైన తలకట్టు దొరికింది. వత్తు ఉండాల్సిన చోట కమ్మీ తుప్పు మాత్రం కనపడుతోంది. పెయింటరు మిగతావన్నీ నల్లరంగుతో దిద్దేశాడు, ఆ ఒక్కచోట మీరేం చెప్తే అది వేస్తానని కుంచె కడిగి పెట్టాడు. మదరుగారు సాయంత్రం జపం దాకా ఆగమన్నారు. కడియం నుంచి బంతిపూలు వచ్చేశాయి.

యానాం వీధి:
త్త.

తెలుగు మాస్టారు:
ముసలి సిస్టర్లను కళ్ళు మూసుకుని ఆ జపం చెప్పమను బాబూ, చూసి చదవనివ్వకు. వాళ్ళ నోట ఏది వస్తే అది వేయించు.