అప్‌డేట్: బ్రౌన్ ఇంటిపేరు రికార్డుల చిక్కు వీడింది

పాత రికార్డుల్లో బ్రౌన్ అనే ఇంటిపేరుతో తెలుగు పుస్తకాలు, మొక్కల నమూనాలు, కలకత్తా చర్చి ఉత్తరాలు కలగలిసి కనిపిస్తున్నాయి, అన్నీ ఒకే కుటుంబానివా అని ఇంతకుముందు అడిగాను. ఇంటిపేరు పక్కనపెట్టి పుట్టిన ఏడాది, తండ్రి పేరు చూడమన్నారు. చాలా థాంక్స్, ఆ సలహానే పనిచేసింది.

చర్చి ఉత్తరాలు రాసిన మతగురువు డేవిడ్ బ్రౌన్, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ తండ్రీకొడుకులే. తండ్రి 1812లో పోయారు కాబట్టి ఆ తర్వాత రాసిన ఉత్తరం ఏదీ ఆయనది కాదు. దీంతోనే సగం టెన్షన్ తీరింది.

అసలు తిప్పలు పెట్టింది మొక్కల వ్యవహారం. వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ తండ్రి కూడా మతగురువే! కానీ ఆయన పేరు జేమ్స్, ఊరు స్కాట్లాండ్‌లోని మాంట్రోజ్. రాబర్ట్ 1773లో అక్కడే పుట్టారు, సి.పి. బ్రౌన్ 1798లో కలకత్తాలో. పైగా మొక్క శాస్త్రీయ నామం చివర, ఆ పేరు పెట్టినవారి గుర్తుగా, "ఆర్.బిఆర్." (R.Br.) అని ఉంటే అది రాబర్ట్‌కే చెందుతుంది. వృక్షశాస్త్రంలో ఆ పొడి అక్షరాలు ఆయనొక్కరివే.

కేటలాగుల్లో ఉత్త "బ్రౌన్" అని రాసి వదిలేయడం మాత్రం అన్యాయం. పూర్తి పేరు, జనన మరణ సంవత్సరాలు వేస్తే వెతికేవాళ్లకు ఎంత సాయమో! అలాంటివి విడిగా పెట్టాను, చేతిరాత పోల్చాకే వాటి సంగతి చూస్తాను.